ఒక సీసా నీళ్ళు – ఆరు శాస్త్రాలు

"నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అని మన పెద్దల సామెత. నీరు పల్లానికి పోతుందన్న మాట వాస్తవమే. కాని నీటిలో దాగిన నిజాన్ని దేవుడి మీద వదిలేసి కూర్చుంటే ఎందరి నడుములు వంగిపోతాయో మా ప్రాంతం కళ్ళారా చూసింది. నేను ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మెట్ట సేద్యం చేసుకునే కుటుంబం నుంచి వచ్చాను. సుస్థిరమైన భవిష్యత్తు కోసం వివిధ శాస్త్రాల వాళ్ళు కలిసి పరిశోధన చేయవలసిన అవసరం గురించి వ్యాసం రాయమని మన సంచిక సంపాదకవర్గం అడిగినప్పుడు నాకు కాస్త భయం వేసింది. ఇవి పెద్ద పెద్ద మాటలు. నేనేమీ పండితురాలిని కాను. అందుకని నాకు తెలిసిన ఒక్క విషయం పట్టుకుని రాస్తున్నాను. అది మా ఊరి నీళ్ళు.

మా నాయినమ్మ మెడ తిప్పలేదు. వాకిట్లోకి ఎవరు వచ్చారో చూడాలంటే మనిషి మొత్తంగా తిరగాలి. "నేను మెడ తిప్పి సూడలేను బిడ్డా, మనిషినంతా తిప్పాలె" అని తనే నవ్వుతూ చెప్పుకుంటుంది. నా సంగతి అంత ఘోరం కాదు. నా ముందు పళ్ళ మీద పసుపు, గోధుమరంగు చారలున్నాయి, అంతే. మన కాలేజీలో మొదటి సంవత్సరం గ్రూపు ఫోటోలో అందరూ నవ్వుతుంటే నేను పెదాలు బిగించి నిలబడ్డాను. ఆ ఫోటో చూసిన స్నేహితురాలు "ఎందుకే అంత కోపం?" అని అడిగింది. కోపం కాదు, ఫ్లోరైడ్.

సీసా ప్రయాణం – రసాయన శాస్త్రం

పోయిన సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మూడు సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చాను. ఒకటి మా పొలం బోరువి, ఒకటి ఊరి నడుమనున్న పాత బాయివి, ఒకటి నల్లా నీళ్ళు. కెమిస్ట్రీ ల్యాబులో సారును బతిమాలి, ఆయన పక్కన నిలబడి, ఎలక్ట్రోడుతో కొలిచాము. లీటరుకు నల్లా నీళ్ళలో 0.4 మిల్లీగ్రాములు, పాత బాయిలో 1.3, బోరు నీళ్ళలో 4.2 వచ్చింది. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి. వేరే గతి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు కూడా 1.5 మాత్రమే.

ఇంతకూ ఆ బోరు నీళ్ళు చూడటానికి ముత్యంలా ఉంటాయి. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ఈ మోతాదులో రుచీ తెలియదు. పైగా ఆ నీళ్ళలో పప్పు తొందరగా ఉడుకుతుందని మా అమ్మ మెచ్చుకునేది. మరగబెడితే పోతుందేమో అనుకునేవారూ ఉన్నారు. మరగబెడితే నీరు ఆవిరైపోతుందే గాని ఫ్లోరైడ్ పోదు. మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. 

"సార్, ఒకే ఊళ్ళో బాయిలో తక్కువ, బోరులో ఎక్కువ ఎందుకుంది?" అని అడిగాను. "ఎంత ఉందో నేను చెప్పగలను. ఎక్కడి నుంచి వచ్చిందో జియాలజీ వాళ్ళను అడుగు" అన్నారు సారు. అక్కడి నుంచి నా సీసా ఒక బిల్డింగు నుంచి ఇంకో బిల్డింగుకు తిరగడం మొదలైంది.

రాయి చెప్పిన సంగతి – భూగర్భ శాస్త్రం

మా ప్రాంతం కింద ఉన్నది చాలావరకు గ్రానైటు. అందులో ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకమైన బయోటైట్ వంటి ఖనిజాలుంటాయి. వీటన్నింటిలో ఎంతో కొంత ఫ్లోరిన్ ఉంటుంది. వాన నీరు రాతి పగుళ్ళలోకి దిగి ఏళ్ళ తరబడి అక్కడే నిలిచినకొద్దీ ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కొంచెం కొంచెంగా నీటిలోకి దిగుతుంది. పాత బాయి నీరు పైపొరలది. ఏటా కొత్త వాన కలుస్తుంటుంది. లోతు బోరు నీరు చాలాకాలంగా రాతితో సావాసం చేసిన నీరు. "బోరు ఎంత లోతుకు పోతే అంత మంచి నీళ్ళు గదా" అనేవాడు మా నాయిన. తాగే నీళ్ళ విషయంలో అది మా నేలకు చెల్లలేదు.

ఇక్కడ ఇంకొక మెలిక ఉంది. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే నీటిలో సులభంగా కరగని కాల్షియం ఫ్లోరైడ్ అవుతుంది. అంటే నీటిలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ హద్దు మీరి పెరగలేదు. కాని మెట్ట ప్రాంతాల క్షార జలాల్లో కాల్షియం సున్నపురాయిగా మారి అడుగున చేరిపోతుంది. మా చేలల్లో నాగలికి తగిలే తెల్లటి సున్నపు గుళ్ళు అవే. కాల్షియం తగ్గి, సోడియం, బైకార్బొనేట్ మిగిలిన నీటిలో ఫ్లోరైడ్‌కు అడ్డు ఉండదు. మా అమ్మ మెచ్చుకున్న గుణం కూడా అదే! కాల్షియం తక్కువ గనుకనే పప్పు తొందరగా ఉడికేది, కాల్షియం తక్కువ గనుకనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉండేది. ఈ రెండు ముక్కలూ ముడిపడటానికి ఒక కెమిస్ట్రీ సారు, ఒక జియాలజీ మేడమ్, ఒక వంటింటి అనుభవం కావలసి వచ్చింది.

ఎడ్లు ముందు, మనుషులు తర్వాత – వైద్యశాస్త్రం

మన దేశంలో ఈ జబ్బు చరిత్ర మన తెలుగు నేల మీదే మొదలైంది. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, అంటే తర్వాత 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరిన ప్రాంతంలో, కాళ్ళు బిగుసుకుపోయి ఎడ్లు నడవలేకపోవడాన్ని ముందుగా రైతులే గమనించారు. మనుషుల్లో అదే జబ్బును షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు 1937లో శాస్త్రీయంగా వెల్లడించారు. చదువుకున్న వాళ్ళ కంటే ముందు నాగలి పట్టినవాడు పసిగట్టాడన్న ఈ సంగతి చదివినప్పుడు రైతు బిడ్డగా నాకు గర్వం, బాధ రెండూ కలిగాయి. ఆ గమనింపు ఆనాడే ఒక పశువైద్యుడి చెవిన, ఒక నీటి పరీక్షకుడి చెవిన పడి ఉంటే ఎన్నేళ్ళు కలిసివచ్చేవో!

శరీరంలో జరిగేది ఇది. మన ఎముక, పన్ను ప్రధానంగా కాల్షియం, ఫాస్ఫేట్‌లతో తయారైనవి. నీటితో లోపలికి వెళ్ళిన ఫ్లోరైడ్‌లో కొంత మూత్రం ద్వారా పోతుంది. పెద్దవాళ్ళలో సుమారు సగం ఎముకల్లో చేరి ఉండిపోతుంది. ఎదిగే పిల్లల్లో ఇంకా ఎక్కువే నిలుస్తుంది. పంటి పింగాణీ తయారయ్యే పసితనంలో, అంటే సుమారు 8 ఏళ్ళ లోపల, మోతాదు మించితే పళ్ళ మీద మచ్చలు పడతాయి. అవి ఎంత తోమినా పోవు. పదులేళ్ళు తాగితే కీళ్ళ చుట్టూ ఉన్న నరాలవంటి బంధనాలు గట్టిపడి, వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది. ఆ స్థితికి వచ్చిన ఎముకను తిరిగి మామూలుగా చేసే మందు లేదు. మా నాయినమ్మ మెడ కథ అదే.

జొన్న గటక, ప్రాజెక్టు – వ్యవసాయ శాస్త్రం

ఇక అసలు విషయం ఇక్కడ ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ అనే ప్రఖ్యాత వైద్య పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. ఫ్లోరోసిస్ ఉన్న మన ప్రాంతపు గ్రామాల్లో ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే కొత్త లక్షణం కనబడుతున్నదని అందులో చూపారు. ఫ్లోరైడ్ నీళ్ళు కొత్తవి కావు. మరి ఈ లక్షణం అప్పుడే ఎందుకు బయటపడింది?

జవాబు కోసం వాళ్ళు ఆస్పత్రిలోనే కూర్చోలేదు. పళ్ళెంలోని అన్నాన్ని, చేనులోని జొన్నను, చేను పక్కనున్న కాలువను చూశారు. ఈ జబ్బు జొన్న ముఖ్యాహారంగా తినేవాళ్ళలో ఎక్కువగా కనబడింది. ఆ ప్రాంతపు జొన్నలో మాలిబ్డినం అనే సూక్ష్మ మూలకం ఎక్కువగా ఉందని ధాన్యం పరీక్షల్లో తేలింది. మాలిబ్డినం ఎక్కువైతే శరీరంలోని రాగి మూత్రం ద్వారా ఎక్కువగా పోతుంది. ఎముకకు దన్నుగా ఉండే కొల్లాజెన్ పోగులు గట్టిగా అల్లుకోవడానికి రాగి ఉన్న ఒక ఎంజైము కావాలి. రాగి తగ్గితే ఎముక బలహీనపడుతుంది.

జొన్నలోకి మాలిబ్డినం ఎందుకు ఎక్కువగా వచ్చింది? మిగతా చాలా సూక్ష్మ పోషకాలకు భిన్నంగా, నేలలో క్షారగుణం పెరిగినకొద్దీ మాలిబ్డినం మొక్కకు ఎక్కువగా అందుతుంది. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీళ్ళు వదిలిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు వల్ల ఆ చుట్టుపక్కల భూగర్భ జలమట్టం పైకి లేచి, నేలలో క్షారగుణం పెరిగి ఉండవచ్చునని ఆ పరిశోధకులు ప్రతిపాదించారు.

ఒక్కసారి ఈ గొలుసు చూడండి: ఆనకట్ట – ఊటనీరు – నేల – జొన్న – రాగి – ఎముక – పిల్లవాడి మోకాలు. ఆనకట్ట ఇంజనీరుకు మోకాలు తెలియదు. డాక్టరుకు నేల రసాయనం తెలియదు. జొన్న శాస్త్రవేత్తకు ఎక్స్‌రే తెలియదు. అందరూ ఎవరి పని వాళ్ళు బాగానే చేశారు. ఐనా పిల్లల కాళ్ళు వంగాయి.

నేను ప్రాజెక్టులకు వ్యతిరేకిని అని ఎవరూ అనుకోవద్దు. మా మేనమామ వాళ్ళు ఎడమ కాలువ ఆయకట్టు రైతులు. ఆ నీళ్ళే లేకపోతే వాళ్ళింట్లో వరి అన్నం లేదు. అలాగే పై వివరణే తుది మాట అని కూడా చెప్పను. ఆహారంలో కాల్షియం లోటే ఇటువంటి వంకరలకు ముఖ్య కారణమని వాదించిన పరిశోధకులూ ఉన్నారు. ఐతే ఆ వాదం తేలాలన్నా మళ్ళీ డాక్టరు, నేల శాస్త్రజ్ఞుడు, పోషకాహార నిపుణుడు ఒకే బల్ల దగ్గర కూర్చోవలసిందే గదా!

మన వంటింటికి సంబంధించిన ఇంకో విశేషం. అదే పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో ప్రచురించిన ఒక పరిశోధనలో బడిపిల్లలకు రోజూ కొద్దిగా చింతపండు ఇస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని తేలింది. పచ్చిపులుసు తాగితే జబ్బు నయమవుతుందని దీని అర్థం కాదు. మంచి నీళ్ళకు బదులు ఏదీ లేదు. కాని పాలు, ఆకుకూరలు, రాగులు వంటి కాల్షియం ఉన్న తిండి, కాస్త పులుపు – ఇవి పేదవాడి పళ్ళెంలో ఉండటానికీ, నీటి విషం ఎంతగా పనిచేస్తుందన్నదానికీ సంబంధం ఉందని మాత్రం తెలుస్తుంది.

పటిక బకెట్టు – ఇంజనీరింగు

మన పల్లెల్లో బురద నీళ్ళు తేరడానికి చిల్లగింజ అరగదీయడం, పటిక తిప్పడం పాతకాలం నుంచీ ఉన్నవే. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970 దశకంలో ఈ పటికతోనే ఒక పద్ధతిని రూపొందించింది. నీటికి సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక లెక్క ప్రకారం కలిపి, ముందు వేగంగా, తర్వాత నెమ్మదిగా తిప్పుతారు. అల్యూమినియం హైడ్రాక్సైడ్ దూదిపింజల్లాంటి మడ్డిగా ఏర్పడి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది. పైనున్న తేట నీరు వంచుకోవాలి. కరెంటు అక్కర్లేదు, ఖరీదైన సామాను అక్కర్లేదు. దీనికి ప్రపంచమంతటా ఉన్న పేరు "నల్లగొండ పద్ధతి". తూర్పు ఆఫ్రికా దేశాల్లో కూడా దీన్ని ప్రయత్నించారు. మా జిల్లా పేరు ప్రపంచానికి ఎక్కింది, కాని ఎలా ఎక్కిందో తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

మరి ఎందుకు నిలవలేదు? – సాంఘిక శాస్త్రం

అంత మంచి పద్ధతి ఇంటింటా ఎందుకు నిలవలేదు? ఈ ప్రశ్న పట్టుకుని సైన్సు బిల్డింగు దాటి సోషియాలజీ వాళ్ళ దగ్గరికి పోయాను. అక్కడ ఒక రీసెర్చి స్కాలరు అక్క నన్ను ఎదురు ప్రశ్న అడిగింది: "ఆ బకెట్టు రోజూ తిప్పేదెవరు?"

నిజమే. నాట్లకు పోయి వచ్చి, పొయ్యి వెలిగించి, బర్రెకు గడ్డి వేసే ఆడమనిషే తిప్పాలి. నీటిలోని ఫ్లోరైడ్‌ను బట్టి, క్షారగుణాన్ని బట్టి పటిక మోతాదు మారుతుంది. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే నీళ్ళ రుచి చెడుతుంది, అల్యూమినియం మిగిలిపోతుంది. రోజూ మిగిలే మడ్డి ఎక్కడ పోయాలి? పటిక అయిపోతే ఎవరు తేవాలి? వీటిలో ఒక్కటి కూడా రసాయన శాస్త్రపు ప్రశ్న కాదు.

కాల్చిన ఎముకల బొగ్గు కూడా ఫ్లోరైడ్‌ను బాగా పీల్చుకుంటుంది. ఆఫ్రికాలో వాడారు. మా ఊళ్ళో ఎముకల మీదుగా వచ్చిన నీళ్ళంటే ఎంతమంది గొంతు దిగుతాయి? ల్యాబులో నెగ్గినది వాకిట్లో ఓడిపోవచ్చు. ఆ సంగతి పద్ధతిని తయారుచేసేటప్పుడే అడగాలి, ఊళ్ళోకి దింపిన తర్వాత కాదు.

జనం మాత్రం ఊరుకోలేదు. నీళ్ళ గోడు ఢిల్లీకి వినిపించడానికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఒక్క నల్లగొండ నియోజకవర్గంలోనే 480 మంది పోటీలో నిలబడ్డారు. బ్యాలెట్ కాగితం కాస్తా బ్యాలెట్ పుస్తకం అయింది. చివరికి కొలిక్కి వచ్చిన దారి నది నీళ్ళను పైపుల్లో ఇంటికి తేవడం. 2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా మరుసటి సంవత్సరం మా ఊరి ట్యాంకుకు కృష్ణ నీళ్ళు వచ్చాయి. అప్పటికి నాకు 12 ఏళ్ళు. నా పళ్ళు అప్పటికే తయారైపోయాయి. మా చిన్నాయన బిడ్డ 2016లో పుట్టింది. ఇప్పుడు దానికి కొత్తగా వచ్చిన ముందు పళ్ళు జొన్న పాలకంకిలా తెల్లగా ఉన్నాయి. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే నేల. మధ్యలో ఒక్క పైపు తేడా.

పని అయిపోలేదు

ఇంతటితో కథ కంచికి పోయిందనుకుంటే పొరపాటు. ఫ్లోరైడ్ రాతిలో అలాగే ఉంది. పైపు పగిలినా, మోటారు కాలినా మళ్ళీ బోరు దగ్గరికే పోతారు. ఎండాకాలం పత్తి చేలో పనిచేసే కూలీలు ఇవాళ్టికీ పొలం బోరు నీళ్ళే తాగుతారు. ఎండకు తాగేది మామూలు కంటే ఎక్కువ తాగుతారు. ఏటేటా లోతుకు పోయే బోర్లు ఇంకా పాత నీటిని పైకి తెస్తున్నాయి. చెరువులు నింపి వాన నీటిని నేలలోకి ఇంకిస్తే ఫ్లోరైడ్ పలచబడే అవకాశం ఉంది. అది ఏ ఊళ్ళో ఎంతవరకు జరుగుతుందో బాయి బాయికి కొలిచి చూస్తే గాని చెప్పలేము. ఇప్పటికే నడుము వంగినవాళ్ళకు నల్లా నీళ్ళు ఎముకను తిరిగి ఇవ్వవు. వాళ్ళకు కావలసింది చేయూత, ఫిజియోథెరపీ, పింఛను, మర్యాద.

మూడు వారాలు ఒక సీసా పట్టుకుని తిరిగిన తర్వాత నాకు అర్థమైనది ఇది. శాస్త్రాలు కలిసి పనిచేయడం అంటే తలా ఒక అధ్యాయం రాసి ఒకే అట్ట వేయడం కాదు. ఒకరి జవాబు ఇంకొకరికి ప్రశ్న కావాలి. కెమిస్ట్రీ సారు ఇచ్చిన అంకె జియాలజీ మేడమ్‌కు ప్రశ్న అయింది. నేల శాస్త్రం ఇచ్చిన జవాబు డాక్టరుకు ప్రశ్న. ఇంజనీరు చేసిన బకెట్టు మా అమ్మకు ప్రశ్న. ఆ వరుసలో రైతును, ఇల్లాలిని చివర కాకుండా మొదట కూర్చోబెట్టాలి. 1930ల నాటి ఎడ్ల సంగతి మనకు నేర్పుతున్నది అదే.

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. మన కాలేజీలో ఈ శాఖలన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి. నడిస్తే పది నిమిషాలు. ఐనా డిగ్రీ మూడేళ్ళలో పక్క బిల్డింగు మెట్లు ఎక్కనివాళ్ళు మనలో చాలామంది. ఏటా ఒక ఊరు తీసుకుందాం. కెమిస్ట్రీ, జియాలజీ, బాటనీ, సోషియాలజీ విద్యార్థులు ఇద్దరేసి చొప్పున ఒక జట్టుగా పోదాం. ఊళ్ళోని ప్రతి తాగునీటి వనరు నుంచీ వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నీళ్ళు పట్టి పరీక్షిద్దాం. ఎవరు ఏ నీళ్ళు తాగుతున్నారో, ఏం తింటున్నారో అడిగి రాసుకుందాం. ఫలితాన్ని ఇంగ్లీషులో బీరువాలో పెట్టకుండా తెలుగులో పంచాయతీ గోడ మీద రాద్దాం. ఇందుకు లక్షల గ్రాంటు అక్కర్లేదు. బస్సు కిరాయి, సీసాలు, లెక్చరర్ల సహకారం చాలు.

మొదటి ఊరుగా మా ఊరినే ఇస్తున్నాను. భోజనం బాధ్యత మా అమ్మది. నాయినమ్మ అరుగు మీదే ఉంటుంది, ఆమెకు ఎదురుగా వచ్చి పలకరించండి. వచ్చే ఏడు సంచికలో ఈ పేజీలో నా వ్యాసానికి బదులు ఆ జట్టు వేసిన పట్టిక ఉండాలని నా కోరిక.

– బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థిని